స్ప్రూస్ సోడా ఎవరు తాగుతారు

“మీ సోడా అసలు ఎవరు తాగుతున్నారో మీకు తెలుసా?”

ట్రెంట్ హాలిస్టర్ ఈ ప్రశ్న వేసేసరికి ఒడెట్ మిషో ఇంకా సీసా మూత కూడా తియ్యలేదు. మేన్ రాష్ట్రంలో ముప్పై ఎనిమిది సూపర్‌మార్కెట్లున్న కంపెనీకి కూల్‌డ్రింకులు కొనేవాడు ట్రెంట్. వయసు ముప్పై మూడు. సోడా గురించి తెలిసింది తక్కువ, సోడా మీద వచ్చిన నివేదికల గురించి తెలిసింది ఎక్కువ.

“తాగేవాళ్లు తాగుతున్నారు,” అంది ఒడెట్.

“అది సమాధానం కాదండీ ఒడెట్ గారూ. మీవి మూడు రుచులు. మా అల్మారాలో చోటు ఒక్కదానికే ఉంది. ఏది నడుస్తుందో లెక్కలు తెచ్చి చూపించండి. మార్చిలో కూర్చుందాం.”

లూయిస్టన్‌లో ఒక ఆస్పత్రి వంటింటిని పంతొమ్మిదేళ్లు నడిపి, యాభై రెండో ఏట మూతపడ్డ బేకరీ ఒకటి అద్దెకు తీసుకుని సోడా మొదలుపెట్టిన మనిషి ఒడెట్. ఒకటి బ్లూబెర్రీ, ఒకటి మేపుల్ అల్లం, మూడోది దేవదారులాంటి స్ప్రూస్ చెట్టు చిగుళ్లది. స్ప్రూస్ సీసా మీద గొడ్డలి పట్టుకున్న ఆమె తాతగారి బొమ్మ. ఆ తాత బతికినన్నాళ్లూ చెప్పుల ఫ్యాక్టరీలో గుమాస్తా. గొడ్డలి లేబుల్ వేసినవాడి సలహా. కథ లేని సరుకు ఎవడూ కొనడని అతను చెప్పాడు, ఈమె నమ్మింది.

లెక్కలు కావాలి. ఎక్కడ దొరుకుతాయి? చిన్న వ్యాపారులకు ఇంటర్నెట్‌లో ఉచితంగా బోధించే జాతి ఒకటుంది. జన్మలో ఒక్క పెట్టె సోడా అమ్మి ఎరగరు, డేటా మీకు దారి చూపిస్తుందని మాత్రం గంటసేపు చెబుతారు. ఒడెట్ అలాంటివి ఆరు వింది. తర్వాత ఊరి లైబ్రరీకి వెళ్లింది. అక్కడివాళ్లు పాపం మంచివాళ్లు. దేశం మొత్తమ్మీద మనిషి సగటున ఏడాదికెంత సోడా తాగుతాడో కాగితం తీసిచ్చారు. ఆ సగటు మనిషి లూయిస్టన్‌లో ఏ దుకాణానికి వెళతాడో అందులో లేదు.

చివరికి నివేదికలమ్మే కంపెనీకి ఫోన్ చేసింది. ఏడాదికి మూడువేల ఆరువందల డాలర్లు, డబ్బు ముందే. ఈ వ్యాపారం తమాషా ఏమిటంటే, కౌంటరులో బీప్‌మన్న ప్రతి సీసా లెక్కనీ దుకాణాలు ఆ కంపెనీకి అమ్ముకుంటాయి. కంపెనీ ఆ లెక్కనే తిప్పి సీసా చేసినవాళ్లకి అమ్ముతుంది. తన సోడా ఎంత అమ్ముడుపోయిందో తెలుసుకోవడానికి ఒడెట్ మంచుమీద తిరిగే తన స్నోమొబైల్ బండి అమ్మేసింది.

నివేదిక రెండువందల పన్నెండు పేజీలు. అందులో ఆమెది ఒక్క వరస: మిషో సోడా, 2,904 సీసాలు. రుచుల ఊసే లేదు. కంపెనీలో కెండ్రా అనే అమ్మాయికి ఫోన్ చేసింది.

“నావి మూడు రకాలమ్మా. ఇక్కడ ఒకటే చూపిస్తోంది.”

“మూడిటి మీదా బార్‌కోడ్ ఒకటే ఉందండీ. మెషినుకి మూడూ ఒకటే సరుకు.”

“కొనేముందు చెప్పకూడదూ?”

“మీరు అడగలేదు కదండీ. పెద్ద ప్యాకేజీలో అయితే సలహాలు కూడా ఉంటాయి. పంపమంటారా?”

బార్‌కోడ్ నంబరు ఒక్కోటి ముప్పై డాలర్లు. ధర ఎటూ ఒకటే కదా, మూడు నంబర్లెందుకని ఒడెట్ ఒక్కటే కొంది. అరవై డాలర్లు మిగిలాయి. ఆ చుట్టుపక్కల సీసాలు నింపే చిన్నవాళ్లందరూ చేసే పొదుపే ఇది. శనివారం సంతలో ఈ కిటుకు ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు కూడా.

మార్చి సమావేశం ఇంకా తొమ్మిది రోజులుందనగా అక్క మొగుడు నోర్మండ్ పెల్కీ ఫోన్ చేశాడు. ఖాళీ సీసా తెచ్చిచ్చినవాళ్లకి, కొన్నప్పుడు కట్టిన ఐదు సెంట్లు తిరిగిచ్చే దుకాణం అతనిది. అక్కడ సీసాలన్నీ చేత్తో కంపెనీలవారీగా వేరుచేసి పెడతారు. ఎవరి సీసాలు వాళ్లు వచ్చి పట్టుకుపోవాలి.

“ఏం మరదలు పిల్లా, నీ సంచులతో నా వెనక గది నిండిపోయింది. వస్తావా, అద్దె వెయ్యనా?”

“నా పీకలమీదకొచ్చి నేనుంటే సీసాలంటావేంటి బావా! ఏ రుచి పోతోందో తెలీక చస్తున్నా.”

“దానికింత ఏడుపెందుకు? అల్లం.”

“నీకెలా తెలుసు?”

“రోజూ మోసేవాణ్ణి నాకు తెలీదా? ఇంకో మాట చెప్పనా, ఏడవకు. నీ తాత సీసాలు సగం నిండుగానే వెనక్కొస్తాయి. ఆ స్ప్రూస్ ఇష్టంగా తాగేది ఊరు మొత్తానికీ నా సింకొక్కటే.”

ఒడెట్ వెళ్లింది. చలికి ఓవర్‌కోటు విప్పకుండానే రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్క సీసా లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంది. మొత్తం పదకొండువందల నలభై. అల్లం ఆరువందల పది, బ్లూబెర్రీ మూడువందల తొంభై అయిదు, స్ప్రూస్ నూట ముప్పై అయిదు. మూడువేల ఆరువందలు పోసినా దొరకనిది సంచుల్లో పడి ఉంది, కాస్త జిగురుగా.

ఆ కాగితం, నివేదిక రెండూ ట్రెంట్ ముందు పెట్టింది.

“ఇదెక్కడిదండీ?” అన్నాడు ట్రెంట్, కాగితం అంచు రెండు వేళ్లతో పట్టుకుని.

“మా బావ కొట్లోది. ఖాళీ సీసాలు.”

“చెత్త లెక్కలు మా పైవాళ్లకి చూపిస్తే నన్ను కూడా అందులోనే పడేస్తారు.” నివేదిక పేజీలు తిప్పాడు, ఆగాడు, మొహం వెలిగింది. “ఇదిగో! అడవి రుచులు, దేశమంతటా పద్దెనిమిది శాతం పెరుగుదల. మీ దగ్గర స్ప్రూస్ ఉంది. పైగా గొడ్డలితో తాతగారు! అదే తీసుకుంటాం.”

“జనం దాన్ని పారబోస్తున్నారు ట్రెంట్.”

“పారబోసినా కొన్నారుగా?”

ఒప్పందం ముందుకు తోశాడు. పన్నెండు వారాల్లో అమ్ముడుపోనివి వాపసు, వాటి ఖరీదు సోడా తయారుచేసినవాళ్లే తిరిగి చెల్లించాలి. ఆ వాక్యం ఒడెట్ రెండుసార్లు చదివింది. కింద ముప్పై ఎనిమిది ఊళ్ల పేర్లున్నాయి, అవి కూడా చదివింది.

ఆత్మగౌరవం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ల కథలో అయితే ఇక్కడ ఆమె కుర్చీ వెనక్కి తోసి లేవాలి. ఒడెట్‌కి బేకరీ అద్దె ఉంది, మళ్లీ ఇంకో మార్చి దాకా ఆగే ఓపిక లేదు. తన సోడాల్లో ఏది చెత్తో, దేన్ని జనం తాగుతారో ఆ గదిలో తెలిసిన మనిషి తనొక్కతే. తెలిసే సంతకం పెట్టింది.

ఏప్రిల్లో పద్దెనిమిదివందల ఇరవై నాలుగు స్ప్రూస్ సీసాలు అల్మారాలెక్కాయి, ‘మన నేల రుచి’ అని కింద ఆకుపచ్చ అట్టముక్కతో. సీసాకి డాలరూ అరవై సెంట్ల చొప్పున వచ్చిన డబ్బు అద్దెకీ, కొత్త సీసాలకీ పోయింది. జులైలో పదమూడువందల పది సీసాలు తిరిగొచ్చాయి. వాటి ఖరీదు కింద సూపర్‌మార్కెట్ల కంపెనీకి ఒడెట్ ఇంకా రెండువేల తొంభై ఆరు డాలర్లు బాకీ ఉంది.