ఎండని గిన్నె

దయ్యాల ముచ్చట ఎవలన్న షురూ చేస్తే నేను లేచిపోయే మనిషిని. రైల్వే వర్క్‌షాపుల టర్నర్ పని చేసిన. నైట్ షిఫ్టుల మావోళ్ళు పాత షెడ్డు పక్కన ఎవరో నడుస్తున్నరని వణికేటోళ్ళు. "ఎలుకలు రా బయ్, పోయి పని చూసుకోండి" అనేటోణ్ణి. తిరిగే లేత్ మిషన్ మీద వేలు తెగితే అది దయ్యం పని కాదు, మన గాఫిల్‌తనం, అజాగ్రత్త. నా లెక్క అది. ఇప్పుడు చెప్పేది సుత నమ్మమని చెప్తలేను. అయింది అయినట్టు చెప్తున్న, అంతే.

రిటైరైనంక ఊకె కూసోలేక కట్టె గిన్నెలు చేద్దామని సెకండ్‌హ్యాండ్‌ల ఒక చిన్న లేత్ కొని, లాలాగూడల మా ఇంటెనక రేకుల షెడ్డుల పెట్టిన. ఇనుము తిప్పిన చేతులు గద, కట్టె ఎంత అనుకున్న. అది నా పొగరు దించింది. గిన్నెలకు పచ్చి కట్టె మంచిది, మెత్తగ తెగుతది. ముందుగాల మందంగ తిప్పి చెక్కి, దాని పొట్టుతోనే కలిపి సంచిల కప్పి నెలల తరబడి పక్కకు పెట్టాలె. లోపలి నీళ్ళన్నీ నిమ్మళంగ పోయి గిన్నె కోడిగుడ్డు లెక్క వంకరైతది. అప్పుడు మళ్ళ లేత్‌కు ఎక్కించి గుండ్రంగ చేసుకోవాలె. జల్ది ఎండిందంటే మాత్రం ఫట్టున పగుల్తది.

ఇగ మా వదిన సంగతి. అమ్మ లేని నన్ను పెంచింది ఆమెనే. కొత్త కోడలై వచ్చిన్నాడు నాకు లాగు తొడుక్కునుడు సుత రాదు. అన్న పోయినంక మా దగ్గర్నే ఉండె. నా నెత్తి తెల్లబడ్డా "బిడ్డా" అనే పిలుస్తుండె.

కిడ్నీలు ఖరాబై డయాలిసిస్ షురూ అయింది. ఎంత దూపైనా, గొంతెండినా నీళ్ళు కొలిచి తాగాలె. చాయ, చారు అన్నీ కలిపి రోజుకు ఒక్క చిన్న సీసా. ఒకసారి ఎవ్వలం లేనప్పుడు నల్లా తిప్పుకొని కడుపునిండ తాగింది. తెల్లారేసరికి ఊపిరాడక ఎమర్జెన్సీల పడ్డది. అప్పటిసంది ఆ సీసా నా చేతులకొచ్చింది. పొద్దుగాల నింపుడు నేనే, కాపలా కాసుడు నేనే. నా భార్య సుజాత చాటుకు ఐసు ముక్క నోట్ల పెడితే, ఆమె మీద సుత ఒర్రిన. "నువ్వు మరిదివా, జైలరువా?" అనేది వదిన నవ్వుకుంట. నవ్వితే ఎండిన పెదవులు పగిలి నెత్తురొచ్చేది.

మొన్నటి ఎండకాలం చివర్ల గాలివానకు సైనిక్‌పురిల ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు కూలింది. మొద్దులు కోయించి ట్రాలీ ఆటోల ఏసుకొచ్చిన. రెండు గిన్నెలు తిప్పి సంచిల పెట్టిన. మూడోది తిప్పే రోజు వదిన షెడ్డు తలుపు కాడ కుర్చీల కూసున్నది. ఆ మొద్దు ఎంత పచ్చిదంటే, ఉలి తాకంగనే నీళ్ళు చిమ్మినయి. నా అంగి తడిసింది, గోడ తడిసింది, ఆమె చేతి మీద సుత తుంపర పడ్డది. ఆ తుంపరను వేలితోటి తీసి పెదవులకు రాసుకున్నది. నేను చూసిన. చూడనట్టే ఉన్న.

"కూలిపోయిన చెట్టుకు ఇన్ని నీళ్ళున్నయి బిడ్డా. నాకొక గుక్కెడు పొయ్యవా?" అన్నది.

ఆ రోజు సీసా అప్పటికే ఒడిసింది. "పానం మీదికి తెచ్చుకుంటవా? ఊకో వదినా" అని కసిరిన. లేత్ సుత బంద్ చెయ్యలే, పచ్చిది నడుమ ఇడిస్తే గిన్నె ఖరాబైతదని. గిన్నె పూర్తి చేసి ఆ రెండిటితోటే సంచిల పెట్టిన.

రెండు రోజులకు డయాలిసిస్ మీద ఉండంగనే ఆమె గుండె ఆగిపోయింది. మేము బయట బెంచీ మీద ఉన్నం. నోట్ల తులసి నీళ్ళు పోసెటందుకు సుత పక్కన ఎవ్వలం లేము. తర్వాత డాక్టర్‌ను అడిగిన, ఆనాడు ఒక గుక్క నీళ్ళిస్తే ఏమైతుండె అని. "ఏం కాకపోతుండె, ఆమె గుండె ఎప్పుడో అలిసిపోయింది" అన్నడు. పాపం, ఓదార్పుకే అన్నడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సహించలే. నీళ్ళ గ్లాసు పట్టుకుంటే చాలు, తప్పు చేసినోని లెక్క తాగకుండనే కింద పెట్టేటోణ్ణి.

దినాలయినయి. నేను షెడ్డు దిక్కు పోలే. చలికాలంల సుజాతనే పోరువెట్టింది, చేతిల పని లేకుంటే పిచ్చి లేస్తది, పోయి ఏమన్న తిప్పుకో అని. సంచి ఇప్పిన. మొదటి రెండు గిన్నెలు బెండు లెక్క తేలికైనయి, వంకరపోయినయి. ఎట్లుండాల్నో అట్లనే ఉన్నయి.

మూడోది చేతికి చల్లగ తగిలింది. బరువు. కొంచెం సుత వంకరపోలే. తిప్పిన్నాడు అడుగున పెన్సిల్‌తోటి తూకం రాసుకునుడు నా అలవాటు. వంటింటి కాంటా మీద పెడితే మళ్ళ అదే తూకం. ఒకటే చెట్టు, ఒకటే సంచి, ఒకటే పొట్టు. వాన నీళ్ళు దిగినయందామంటే పక్కవి రెండూ పొడిగున్నయి. ఇన్ని నెలలు తడిగుంటే బూజన్న పట్టాలె. బూజు లేదు.

లేత్‌కు ఎక్కించిన. పట్టపగలు, రేకుల మీద ఎండ కొడుతున్నది. ఉలి ఆనిచ్చిన్నో లేదో నీళ్ళు ముఖం మీద కొట్టినయి. పచ్చి కట్టె నీళ్ళకు ఒక పులిసిన వాసనుంటది. వీటికి ఏ వాసనా లేదు, ఉట్టి నల్లా నీళ్ళ లెక్క ఉన్నయి. సుజాత వచ్చి, "ఇదేందీ, బకెట్ గుమ్మరించుకున్నవా?" అన్నది. మిషన్ ఆపి, గిన్నె ఊడదీసి బల్ల మీద పెట్టిన. మేమిద్దరం చూస్తుండంగనే అడుగున నీళ్ళు ఊరినయి. ఒక గుక్కెడు.

నాకు భయం కాలే, సిగ్గయింది. గిన్నె తీస్కపోయి వదిన మంచం కాడ స్టూలు మీద పెట్టిన. "తాగు వదినా. ఈసారి నేను అడ్డం రాను" అని గట్టిగనే అన్న. అరవై దాటినోణ్ణి, ఖాళీ మంచంతోటి మాట్లాడుతున్న. ఏం కాలే. పరదా సుత కదలలే.

తెల్లారి చూస్తే నీళ్ళు లేవు. సుజాత తాను ముట్టలేదని దేవుని మీద ఒట్టేసింది. నీళ్ళంటే ఆరిపోతయి, సరే. మరి గిన్నె? తేలికైపోయింది, తక్కిన రెండిటి లెక్కనే వంకరపోయింది. ఒక్క రాత్రిల అంత తడి పోతే కట్టె నిలువునా పగలాలె. వెంట్రుకంత పగులు లేదు. కట్టెపని చేసేటోళ్ళకు చూపించిన, తలకాయ గోక్కున్నరు. ఒకాయన, "నువ్వే పరేషాన్‌ల ఏదో గిన్నెను ఏదో అనుకున్నవు" అన్నడు. అదే నిజమైతే ఎంత బాగుండు అనిపించింది.

"మీ వదిన వచ్చి తాగింది, ఇగ మనసు నిమ్మళం చేసుకో" అంటది సుజాత. నా మంచికే అంటది. ఆ గిన్నె అన్నాళ్ళు ఎందుకు ఎండలేదో, ఒక్క రాత్రిల ఎట్ల ఎండిందో నాకు ఇప్పటికీ తెల్వదు. తెలుసుకోవాలని సుత లేదు. ఆమె వచ్చి తాగిందే నిజమైతే, అన్ని నెలలు మా వదిన దూపతోటే ఉన్నట్టు గదా.