వాకీటాకీలో వంటావార్పు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను కొత్తపేటలో ఒక క్యాబ్ కంపెనీలో డ్రైవర్లకు డ్యూటీలు వేసేవాణ్ణి. మాకు కొత్తగా డిజిటల్ వాకీటాకీలు ఇచ్చారు. స్కాన్ పెడితే అది మా బళ్ల ఛానళ్లన్నీ వెతుక్కుంటూ పోయి, ఎక్కడ మాట వినపడితే అక్కడ ఆగేది. బంద్ రోజున దాన్ని ఇంటికి తెచ్చి మెట్ల మీద పెట్టుకునేవాణ్ణి. ఏ రోడ్డు మూశారో టీవీ కంటే ముందే మా డ్రైవర్లు చెప్పేవాళ్లు.

కింద వాటాలో ఇంటి ఓనరు ఉండేవాడు. లారీల మీద బతికి ఇల్లు కట్టుకున్న నల్గొండ మనిషి. నేను గుంటూరు వైపు వాణ్ణి. ఆయనకు తెలంగాణ కావాలి, నాకు రోడ్లు తెరిచి ఉండాలి. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఒకే డబ్బా వినేవాళ్లం. ఎల్బీ నగర్ బంద్ అని వినపడగానే ఆయన మీసం దువ్వేవాడు.

"ఇన్నవా బిడ్డా? మీ డబ్బనే చెప్తున్నది."

నాకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

ఆయనకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు దిల్‌సుఖ్‌నగర్ అవతల ఒక ఆసుపత్రిలో డయాలసిస్. కిందటి సారి బంద్‌లో ఆటో దొరక్క తప్పిపోయింది. మొహం ఉబ్బింది. ఈసారీ తప్పితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు.

ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటూ దారి ఆపుతారు. పులిహోరకు పెద్ద గుండిగ కావాలని కుర్రాళ్లు అడిగితే ఈయనే తన ఇంట్లోది ఇప్పించాడు. అయినా మాకు భయం లేదు. రోగి ఉన్న ఆటోను వాళ్లు ఆపరు, పొయ్యి జరిపి మరీ పంపుతారు. ఆటో గేటు దగ్గరికి వచ్చింది. ఆయన భార్య దుప్పటి మడతపెడుతోంది.

అప్పుడు స్కాన్ ఒకచోట ఆగింది. ఆయన వెళ్లే ఆసుపత్రికే సిబ్బందిని తీసుకొచ్చే మా బండి డ్రైవరు.

"ముంగట రాళ్లు పడ్తున్నయన్నా. డయాలసిస్ మేడమ్ దిగుతా అంటున్నది. ఇంటికే పోతదట."

ఆ రోజు మిషన్ నడపాల్సింది ఆవిడ ఒక్కతే. బటన్ నొక్కి, "ఆమెను దింపకు, పేషెంటు ఉన్నాడు, వేరే దారిన తీసుకురా," అన్నాను.

"ఎవర్ని సార్?" అన్నాడు కొత్తపేటలో ఉన్న ఇంకో బండివాడు.

ఆ దిక్కుమాలిన రేడియో తీరే అంత. స్కాన్‌లో అందరి మాటా వినిపిస్తుంది, మన మాట మాత్రం సొంత ఛానల్‌కే పోతుంది. ఛానల్ మార్చి పిలిచేసరికి ఆవిడ దిగి ఏదో గల్లీలోకి వెళ్లిపోయింది. వేరే ఆసుపత్రులకు ఫోన్లు చేశాం. ఎక్కడా మనుషులు రాలేదు.

"జర ఇంకోపారి పిలువు తమ్మీ. గామె ఇంటదేమో," అంది ఆయన భార్య.

వినే మనిషి లేదని తెలిసీ మళ్లీ పిలిచాను.

"గామెను ఏమనకుండ్రి. గామెకు ఇంట్ల పిల్లలుంటరు గదా," అన్నాడాయన. కాసేపటికి, "స్కాన్ బంద్ జెయ్యకు బిడ్డా. యాడిదాంక బందయిందో ఇందాం," అన్నాడు. విన్నాం. అన్ని దారులూ మూసే ఉన్నాయి. ఆయన ఈసారి మీసం దువ్వలేదు.

తెల్లారేలోపు ఊపిరాడక పోయాడు. తాను తీసిన గోతిలో తానే పడ్డాడని మా చుట్టం ఒకడు అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. కొట్టి మాత్రం ఏం లాభం?

పొద్దున్నే కుర్రాళ్లు గుండిగ తోమి తెచ్చారు. గుమ్మం ముందు జనాన్ని చూసి గేటు దగ్గరే ఆగిపోయారు. ఆయన చివరి స్నానానికి నీళ్లు అందులోనే కాచారు.