లేదు బాణం

నా చిన్నప్పుడు, మా అమ్మానాన్నలు చెరకు కొట్టడానికి పోయిన ఏడు, నేను అన్నం మీద అలిగాను. నారాయణఖేడ్‌లో మా వాడ నుంచి దసరా పోగానే సగం మంది ఆ పనికి పోయేవాళ్లు, ఎండాకాలానికి గాని తిరిగి వచ్చేవాళ్లు కాదు. నన్ను నాయనమ్మ దగ్గర వదిలిపెడుతూ, క్రిస్మస్‌కు వచ్చి పోతానని అమ్మ మాట ఇచ్చింది. క్రిస్మస్ వచ్చింది, అమ్మ రాలేదు. చర్చిలో అందరూ పాటలు పాడుతుంటే నేను నాయనమ్మ కొంగు పట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి మొండికేశాను. అమ్మ ఇంటికి వచ్చేదాకా ముద్ద ముట్టనన్నాను. నాయనమ్మ చూడనప్పుడు బెల్లం ముక్క నోట్లో వేసుకునేదాన్ని, అది తిండి కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అయినా రెండు రోజులకే కళ్లు తిరిగాయి. నాయనమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి నా పక్కన కూలబడి ఏడ్చింది. అప్పుడు కూడా నేను కరగలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పక్కింటి అక్క అప్పట్లో జహీరాబాద్ పోయి కంప్యూటర్ నేర్చుకునేది. మా వాడలో కంప్యూటర్‌ను కళ్లారా చూసిన మనిషి ఆమె ఒక్కతే. అది కూడా వారానికి ఒక గంటేనట, మిగతా చదువంతా ఫ్లోచార్టులని కాగితం మీద బొమ్మలు గీయడమేనట. ఆ బొమ్మలను ఇంటికొచ్చి అరుగు మీద సుద్దముక్కతో గీసుకుంటూ ఉండేది. ఆ సాయంత్రం నన్ను పిలిచి, రొట్టె ఎట్లా చేస్తారో బొమ్మ గీసి చూపిస్తానంది.

ముందు కోడిగుడ్డు లాంటి గుండ్రం గీసింది. అది మొదలు. దాని కింద పక్కకు వాలిన పెట్టె. పిండి, నీళ్లు లోపలికి వచ్చేది అందులో నుంచి. ఆ తర్వాత నిటారు పెట్టె, అది పని. పిసుకు, తట్టు, పెనం మీద వెయ్యి. ఒకదాని నుంచి ఇంకొకదానికి బాణం. ఆ కింద పతంగి గీసింది. గాలిపటం ఆకారమన్న మాట. పతంగి అంటే సవాల్, అంటే ప్రశ్న అట. కాలిందా? పతంగి రెండు మూలల నుంచి రెండు బాణాలు బయలుదేరాయి. అవును అంటే మళ్లీ వాలు పెట్టె, రొట్టె పళ్లెంలోకి వస్తుంది, కింద ఇంకో కోడిగుడ్డు, అక్కడితో ఖతం. లేదు అంటే బాణం తిరిగి పెనం దగ్గరికే పోతుంది.

ఆకలి మీద ఉన్న పిల్లకు రొట్టె బొమ్మ ఎందుకు చూపించిందో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

ఇగ నువ్వు గియ్యి, అని సుద్ద నా చేతిలో పెట్టింది. నేను కోడిగుడ్డు గీసి, పొద్దున లేవడం అన్నాను. పెట్టె గీసి, అరుగు మీద కూర్చోవడం అన్నాను. పతంగిలో 'అమ్మ వచ్చిందా' అని రాశాను. అవును బాణం చివర అన్నం తినే పెట్టె, దాని కింద ఖతం. సుద్ద కింద పెట్టేశాను.

"రెండో బాణమేది?" అంది అక్క.

"గది ఉండది."

"ఒక్క బాటే ఉంటే గది సవాల్ ఎట్లయితదే?"

"లేదు అని గీస్తే అమ్మ రాదు," అన్నాను. అన్న వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. అన్ని రోజులూ నా కడుపులో ఉన్న భయం అదే.

అక్క నవ్వలేదు. సుద్ద తీసుకుని ఆ రెండో బాణం తనే గీసింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ బాణం ఒక నిటారు పెట్టెలోకి పోయి ఉంది, పెట్టెలో 'బువ్వ తిను' అని ఉంది, అందులో నుంచి ఇంకో బాణం మళ్లీ పతంగి దగ్గరికే ఎక్కుతోంది. లేదు వైపు ఎక్కడైనా కోడిగుడ్డు ఉందేమోనని వెతికాను. లేదు.

"లేదు అంటే ఖతం కాదే పిల్లా. బువ్వ తినొచ్చి మళ్ల అడుగు. తినక నువ్వు పడిపోతే రేపు అడిగేటోళ్లెవరు?"

ఆ పూట ఒకటిన్నర జొన్నరొట్టె, పప్పు తిన్నాను. తిని బయటికొచ్చి బాట చూశాను. మర్నాడూ అంతే. బొమ్మ చెరిగినప్పుడల్లా లేదు బాణంతో సహా నేనే మళ్లీ గీసుకున్నాను. ఎండలు ముదిరాక ఒక పొద్దున నాన్న వెనకే అమ్మ లారీ దిగింది, చేతుల నిండా చెరకాకు గీతలు. అక్క ఆ ఏడే కొలువు దొరికి ఊరు విడిచిపోయింది. తర్వాత ఆమెను నేను చూడలేదు.

మా ఆయన పోయి మూడేళ్లయింది. మొదటి ఏడు, సాయంత్రం వాకిట్లో స్కూటర్ చప్పుడైతే లేచి తలుపు దాకా పోయేదాన్ని. రెండు పళ్లేలు పెట్టి, ఒకటి తీసి, ఆకలి చచ్చి ఊరుకునేదాన్ని. ఒకనాడు రొట్టె పీట మీద చల్లిన పిండిలో ఊరికే వేలితో పతంగి గీశాను. లేదు బాణం గీశాను, దాని చివర 'బువ్వ తిను' పెట్టె గీశాను. అవును వైపు వేలు పెట్టి ఆగిపోయాను. ఈసారి అటు బాట లేదు. ఒక్క బాటే ఉంటే సవాల్ ఎట్లయితదన్న అక్క మాట అప్పుడు గుర్తొచ్చింది. చాలాసేపు ఏడ్చి, పతంగిని అరచేత్తో చెరిపేశాను.

పీట మీద పెట్టె ఒక్కటే మిగిలింది. పెనం వేడిగానే ఉంది. ఒక రొట్టె తట్టి వేసి, కాలేదాకా అక్కడే నిలబడి, తిన్నాను. అక్క గీసిచ్చిన ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రోజూ రెండు పూటలా అందులో రాసిన పని చేస్తాను.