మూడు ముళ్లకు ఒక స్ప్లింట్

2023 చివర్లో బాపట్లలో ఒక చిన్న క్లినిక్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేస్తున్నాను. చేతులు మొరాయించిన వాళ్లకు అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం మళ్లీ చేతనయ్యేలా చూడటం మా పని. ఒకరోజు రేపల్లె నుంచి గోపీ వచ్చాడు, వెంట వాళ్లక్క. అతనిది సీఎంటీ అనే వంశపారంపర్య నరాల జబ్బు. తండ్రికీ ఉండేది. చేతుల్లో కండ కరిగిపోయి, బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురు రాదు.

"మాఘంలో నా పెళ్లండి. తాళి కట్టాలి, ముడి పడటంలేదు," అన్నాడు.

"మూడు ముళ్లూ నేనేస్తాలేరా అంటే వినడండి. ఆడపడుచు సాయం పట్టడం ఎక్కడా లేనిదా?" అంది అక్క.

"మూడూ నువ్వేస్తే పీటల మీద నేనెందుకే?"

అమ్మాయికి జబ్బు సంగతి తెలుసా అని అడిగాను. "పిల్లలకు రావచ్చని కూడా తెలుసండి. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లాం," అన్నాడు. అతని మీద గౌరవం కలిగింది.

ఒపోనెన్స్ స్ప్లింట్ చేశాను. అది బొటనవేలిని మిగతా వేళ్లకు ఎదురుగా నిలబెట్టే పట్టీ. థర్మోప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి చేతికి అద్దితే, చల్లారాక ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. కొన్నాళ్లకు బల్ల మీద తాడు చక్కగా ముడేశాడు. నేను సంబరపడుతుంటే అక్క సంచిలోంచి పసుపు తీసి తడిపి తాడుకు పట్టించింది. "పెళ్లిలో ఇలా ఉంటది కదండి." తాడు కాస్తా వేళ్లలోంచి జారిపోయింది.

గోపీ ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం పంతం పెరిగింది. స్ప్లింట్ కోణం మార్చాను, వేళ్ల కొసలకు రబ్బరు తొడుగులు వేశాను. ఇంటి దగ్గర కట్టి చూసుకోవడానికి అక్క మెడ పనికిరాదు కదా, బిందె మెడే గతి. చేతులు చాచి, పసుపుతాడుతో రోజూ ఆ బిందెకే ముళ్లేశాడు.

పెళ్లికి నన్నూ పిలిచారు. గట్టిమేళం మొదలైంది. రెండు ముళ్లు పడ్డాయి. మూడోదానికి తాడు వేళ్లలోంచి జారితే మళ్లీ అందుకున్నాడు. సన్నాయి ఆయనకు ఊపిరి చాలడంలేదు, అక్షింతలు పట్టుకున్న వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. అక్క ఆగలేక చెయ్యి చాచింది.

పెళ్లికూతురు వంచిన తల ఎత్తకుండానే, "ఉండండి వదినా, తొందరేం లేదు," అంది.

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ముడి పడింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

గోపీ జబ్బు తగ్గేది కాదు. ఆ మాట మొదటిరోజే చెప్పాను. ఇప్పుడు ఎవరి చేతికి కొలతలు తీసుకున్నా ఇంట్లోవాళ్లను కూడా పక్కన కూర్చోబెడుతున్నాను. సాయానికి చెయ్యి చాచే ముందు కాసేపు ఆగడం వాళ్లకు నేర్పాలి. స్ప్లింట్ చెయ్యడం అంతకంటే తేలిక.