నెరెయిదా వెతికిన దొంతర

హిబారా రేవులో నెరెయిదా ఇరవై మూడేళ్లుగా సముద్రపు ఎత్తు కొలుస్తోంది. నీళ్లలో పాతిన గుర్తుల గుంజను గంటగంటకూ చూసి, ఎన్ని సెంటీమీటర్లో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆఫీసుకు ఒక పాత కంప్యూటర్ వచ్చింది. అందులో లినక్సూ, యంత్రానికి దగ్గరి భాషలో ప్రోగ్రాములు రాసే అసెంబ్లరూ తప్ప ఇంకేమీ లేవు. తోడుగా వచ్చిన పుస్తకంలో సగం పేజీలు ఊడిపోయాయి. తెర మీద అక్షరాలు ఎలా చూపించాలో ఉంది కానీ, మనం టైపు చేసిన మాటల్ని ప్రోగ్రాము ఎలా అందుకోవాలో లేదు.

“ప్రోగ్రాము పేరు కొట్టి, పక్కనే నాలుగు కొలతలు కొడతాను. అవి ఎక్కడికి పోతాయంటావు?” అని అడిగింది.

“సముద్రంలోకి,” అన్నాడు ఎవెలియో, రేషన్లో వచ్చే, బఠానీ పొడి కలిపిన కాఫీ చప్పరిస్తూ. ఆయన ఒకప్పుడు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరు. ఇప్పుడు ఆమెతోపాటు అదే గదిలో గాలివేగం రాస్తాడు.

“వెటకారాలు చాలుగానీ ముసలాయనా, ఇలా వచ్చి చూడు.”

ప్రోగ్రాము మొదలయ్యేసరికే యంత్రం తన జ్ఞాపకంలో, కావలసిన వివరాలను ఒకదాని మీద ఒకటిగా దొంతర పేర్చి ఉంచుతుందని పుస్తకంలో ఒక్క వాక్యం మిగిలింది. దొంతరలో పైన ఏముందో చూపించమని ఆమె నాలుగు వరుసలు రాసింది. రెండు కొలతలు ఇస్తే తెర మీద మూడు అని పడింది. ఏమీ ఇవ్వకపోతే ఒకటి. అది ఆమె కొట్టిన కొలతల లెక్కే, కానీ ఎప్పుడూ ఒకటి ఎక్కువ.

“పిలవని చుట్టం ఎవరో వచ్చాడు,” అంది నెరెయిదా.

ఆ చుట్టాన్ని పట్టుకోవడానికి లెక్క కిందనున్నదాన్ని తీసింది. అది మాట కాదు, మాట ఉన్న చోటు చిరునామా. అక్కడికి వెళ్లి అక్షరాలు చదివితే తను ప్రోగ్రాముకు పెట్టిన పేరే కనిపించింది! దాని కింద మొదటి కొలత చిరునామా, ఆ తర్వాత రెండోది, చివర ఇక ఏమీ లేదన్న గుర్తుగా సున్నా. ఆమె పగలబడి నవ్వింది.

“దీనికి తన పేరు తనకు తెలుసు, ఎవెలియో!”

“మంచిదే. మన పై అధికారికి నా పేరు ఇంతవరకూ తెలీదు.”

సంబరం ఎంతోసేపు నిలవలేదు. చక్కగా ఉంటుందని, చదివే పనంతా విడిగా ఒక చిన్న ఉపప్రోగ్రాములో పెట్టింది. ఈసారి లెక్క పదమూడు కోట్ల నలభై అయిదు లక్షల పైచిలుకు చూపించింది.

“అన్ని కోట్ల కొలతలు ఎప్పుడు కొట్టావు తల్లీ? వేళ్లు నొప్పి పుట్టలేదూ?”

రెండు రోజులు ఆ అంకెతో కుస్తీ పట్టింది. కరెంటు పోయినప్పుడు కాగితం మీద దొంతర బొమ్మ గీసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం, గుంజ దగ్గర కొలత చూసి వస్తూ మెట్ల మీదే ఆగిపోయింది. ఉపప్రోగ్రాములోకి వెళ్లేటప్పుడు, తిరిగి రావలసిన చోటును యంత్రం దొంతర మీద పెట్టుకుంటుంది కదా! ఆమెకు కనిపించిన కోట్ల అంకె ఆ చిరునామాయే. లెక్క దాని కిందే భద్రంగా ఉంది. దొంతరలో ఒక్క మెట్టు దిగి చదివితే సరిపోయింది.

అప్పుడామెకు మరో ఆలోచన వచ్చింది. పేరు తెలిసిన ప్రోగ్రాము పేరును బట్టి పని మార్చుకోలేదా? ఒకే ప్రోగ్రాముకు, తమ భాషలో పోటుకూ ఆటుకూ ఉన్న రెండు పేర్లు పెట్టింది. ప్లెయమార్ అని పిలిస్తే ఆనాటి కొలతల్లో పెద్దది, పోటు ఎత్తు చెప్పింది. బాహమార్ అని పిలిస్తే చిన్నది, ఆటు ఎత్తు చెప్పింది.

“నా పేరు కూడా పెట్టి చూడు,” అన్నాడు ఎవెలియో.

పెట్టింది. ఆ పేరుకు ఏం చెయ్యాలో దానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి తెర ఖాళీగా ఉండిపోయింది.

“అచ్చం నాలాగే, సోమవారం పొద్దున,” అన్నాడాయన తృప్తిగా.