మామ్మ మంచం జరిపిన రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా మామ్మది. కడియం పక్కన మాకు మొక్కల తోట ఉండేది. పేరుకు అది మా తాతయ్య తోటే గానీ పెత్తనమంతా మామ్మదే. పొద్దున్నే చీర బిగించి, బుగ్గన తాంబూలం పెట్టుకుని ఆవిడ తోటలోకి దిగిందంటే, పనికొచ్చిన ఆడవాళ్ళ కబుర్లు సగంలో ఆగిపోయేవి. అంటు కట్టడం, మట్టి కలపడం, నీళ్ళు పెట్టడం ఎవరు చేసినా ఊరుకునేది. కుండీలు జరిపించే పని మాత్రం ఇంకొకరికి వదిలేది కాదు.

ఈ జరపడం గురించి తోటలు ఎరగనివాళ్ళకు కాస్త చెప్పాలి. మామిడి మొక్కను కుండీలో పెట్టి నేల మీద ఒకేచోట ఉంచేస్తే, కొన్నాళ్ళకు దాని తల్లివేరు కుండీ అడుగున ఉన్న కన్నంలోంచి దిగి నేలను పట్టుకుంటుంది. పైకి చూస్తే మొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. తీరా అమ్మకానికి లేపబోతే ఆ వేరు తెగుతుంది, మొక్క చచ్చిపోతుంది. అందుకని అప్పుడప్పుడు ప్రతి కుండీనీ ఎత్తి కాస్త పక్కకు పెట్టాలి. కిందికి దిగబోతున్న సన్నటి వేరు తెగి మొక్క ఓ పూట తల వేలాడేస్తుంది, మర్నాటికి తేరుకుంటుంది. వేలాడిన ఆ ఆకుల్ని చూసి నేను బావురుమంటే, అలిగిందే, రేపటికి అదే లేస్తుందిలే అని మామ్మ నవ్వేది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోందంటే, ఈమధ్య నన్నూ జరుపుతున్నారు. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. రాజమండ్రిలో ఆపరేషన్ అయ్యాక మా అబ్బాయి నన్ను రావులపాలెం వెళ్ళే దారిలో ఓ చిన్న ఊళ్ళో ఉన్న రీహాబ్ సెంటర్లో చేర్చాడు. ఒకప్పుడు ఎవరో మిల్లు యజమాని కట్టుకున్న మేడ అట. ఇప్పుడు హాలు నిండా మంచాలు, గోడల పొడవునా పట్టుకుని నడవడానికి స్టీలు కడ్డీలు, మూలమూలకీ వాకర్లు. పొద్దున్నే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి "లేద్దామా మామ్మగారూ" అంటుంది. అడిగినట్టే ఉంటుంది గానీ అది అడగడం కాదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి వరండాలోకి నడిపించేదాకా వదలదు. మొదట్లో ఆ పిల్లను మనసులో తిట్టుకోని రోజు లేదు.

నా పక్క మంచం మీద ఓ పెద్దావిడ ఉంటుంది. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది. కూతురు దగ్గరుండి చూసుకుంటుంది, బంగారంలాంటి పిల్ల. ఇడ్లీ తుంచి నోట్లో పెడుతుంది, మూతి తుడుస్తుంది, దుప్పటి సర్దుతుంది. ఆవిడ మాత్రం ఎవరితోనూ మాట్లాడదు, ఎంత చెప్పినా నడకకు లేవదు. మా ఇద్దరి మధ్యా కిటికీ గట్టు మీద ఒక పూలకుండీ ఉంది. దానికి వేళ తప్పకుండా ఎవరు నీళ్ళు పోస్తున్నారా అనుకునేదాన్ని. కూతురు అటు వెళ్ళగానే, ఈ పెద్దావిడ ఎడంచేత్తో తన గ్లాసులోని మంచినీళ్ళు ఆ కుండీలో ఒంపేయడం ఓ రోజు నా కంటపడింది. తిరిగొచ్చిన కూతురు ఖాళీ గ్లాసు చూసి సంతోషపడింది. ఆ నీళ్ళ సంగతి నాకు బాగా తెలుసు.

మా మామ్మకు పక్షవాతం వచ్చింది కూడా కుడిపక్కే. వానలు ఇంకా పడని రోజులు. తోటలో కుండీల మధ్య నిలబడి ఎవరినో కేకేస్తూ ఉన్నట్టుండి కూలబడిపోయింది. రాజమండ్రి తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు. డాక్టరు గారు మెల్లగా లేపి నడిపించమన్నారు. మావాళ్ళు అలాగేనండీ అని తలూపారు, ఇంటికి రాగానే మధ్యగదిలో కొత్త పరుపు వేసి పడుకోబెట్టారు. అంత పెద్ద మనిషిని ఈడ్చి నడిపించడానికి ఎవరికి చేతులొస్తాయి? మా అమ్మ అన్నం కలిపి పెట్టేది, పిన్ని కాళ్ళకు నూనె రాసేది, నేను పక్కన కూర్చుని విసిరేదాన్ని. ఎడంచెయ్యి శుభ్రంగా ఆడుతున్నా ఆవిడను గ్లాసు కూడా పట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. అదంతా ప్రేమే, అందులో కల్తీ ఏమీ లేదు.

ఆ ప్రేమలో మా మామ్మ గొంతు పోయింది. మాట ముద్దగా వచ్చినా వచ్చేది, అయినా మాట్లాడటం మానేసింది. ఆవిడను కుంగదీసింది చచ్చుబడిన కాలు కాదు. మా మరుగుదొడ్డి ఇంటి వెనక, దొడ్డి చివర ఉండేది. అక్కడికి ఇద్దరు కోడళ్ళూ చెరో రెక్కా పట్టుకుని మోసినట్టు తీసుకెళ్ళి, లోపల పట్టుకునే నిలబడి, మళ్ళీ మోసుకొచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మామ్మ కళ్ళు మూసుకునేది. తోటంతటినీ నడిపిన మనిషికి గడియ వేసుకునే పాటి మరుగు కూడా లేకుండా పోయింది. ఒకరోజు మా అమ్మ మంచినీళ్ళు పెట్టి వెళ్ళగానే, ఆ గ్లాసు నా వైపు జరిపి తాగేయమని సైగ చేసింది. నేను తాగేశాను. అది మొదలు ఆవిడ నీళ్ళు చాలావరకు నేనే తాగేదాన్ని. తాగకపోతే వెళ్ళక్కర్లేదని ఆవిడ లెక్క. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు, మా ఇద్దరికీ అదో రహస్యమని మురిసిపోయేదాన్ని.

ఇంటిల్లిపాదీ మామ్మ చుట్టూ తిరుగుతుంటే, కుండీలు జరిపించాలన్న ధ్యాస ఒక్కరికీ లేకపోయింది. వానలు పడ్డాక మొక్కల కోసం లారీ వచ్చింది. మామిడి కుండీలు మధ్యగది కిటికీ పక్కనే ఉండేవి. మనుషులు వంగి కుండీ ఎత్తినప్పుడల్లా పుటుక్కుమని చప్పుడు. ఒకదాని వెనక ఒకటి, అదే చప్పుడు. మామ్మ కిటికీ వైపు మొహం తిప్పి వింటూ పడుకుంది. లారీ ఖాళీగా వెళ్ళిపోయాక తాతయ్య వచ్చి గడప మీద కూలబడ్డాడు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నీ గొడవలో పడి మరిచిపోయామే అన్నాడు.

మామ్మ కిటికీ వైపు నుంచి మొహం ఇటు తిప్పింది. తర్వాత ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది. "వాటినంటే మరిచిపోయారు. నన్నెందుకు జరపడం లేదండీ?"

తాతయ్య తలెత్తి ఆవిడ వంక చూసిన చూపు నాకింకా గుర్తే. మర్నాడు పొద్దున్నే ఆయన తనే మంచం పట్టుకుని మామ్మతో సహా వసారాలోకి లాగాడు. ఆ తర్వాత మంచం ఎదురుగా కుర్చీ వేసి, అందులోకి మారాలన్నాడు. నీళ్ళ గ్లాసు చేతికందే చోటునుంచి కిటికీలోకి వెళ్ళింది, కిటికీలోంచి అరుగు మీదికి వెళ్ళింది. పందిళ్ళకు తెచ్చిన వెదురుబొంగులతో వసారా నుంచి దొడ్డి చివరిదాకా రెండు పక్కలా నడుమెత్తున కడ్డీలు కట్టించాడు. ఇక్కడ స్టీలు కడ్డీలు చూసినప్పుడల్లా నాకు ఆ వెదుళ్ళే గుర్తొస్తాయి, అవే కాస్త నాజూకుగా ఉండేవి.

ఇంట్లో మాత్రం పెద్ద రభసే అయింది. చూసుకోలేక కోడళ్ళు వసారాలో పడేశారని ఊరంతా అనుకుంటుందని మా అమ్మ ఏడ్చింది. పిన్ని అన్నం మానేసింది. దానికి తగ్గట్టు, కుర్చీలోకి మారిన మర్నాడు మామ్మకు ఒళ్ళంతా నొప్పులు, జ్వరం. మంచం మీద వేలాడిపోయినట్టు పడుంది. తాతయ్య బెదిరిపోయి, ఇక చాలు, లోపలికి తీసుకెళదామన్నాడు. మామ్మ కళ్ళు తెరవకుండానే, జరిపిన మొక్క ఓ పూట వాడదా అంది. ఆ తర్వాత ఎవరూ మంచం ముట్టుకోలేదు.

మామ్మ నాకూ ఒక పని అప్పజెప్పింది. మిగతావాళ్ళందరివీ పెద్ద పనులే, వంట, నూనె, మందులు. నా పని ఏమిటంటే, పట్టుకోకుండా ఉండటం. ఆవిడ నడిచేటప్పుడు పక్కన ఉండాలి, పడితే కేక వేయాలి, పడేదాకా మాత్రం చెయ్యి వేయకూడదు. అమ్మావాళ్ళకు అది చేతకాదు, వాళ్ళకు నామీద ప్రేమ ఎక్కువ, నువ్వైతే చెప్పినమాట వింటావు అంది. అంటే నాకు ప్రేమ తక్కువా అని కోపమొచ్చింది గానీ ఒప్పుకున్నాను.

ఓరోజు మధ్యాహ్నం, అమ్మా పిన్నీ పేరంటానికి వెళ్ళారు. వాన వెలిసి దొడ్డంతా చిత్తడిగా ఉంది. మామ్మ లేచి నిలబడి ఎడంచేత్తో వెదురు పట్టుకుంది. కుడికాలు ఈడ్చుకుంటూ, ఆగుతూ, రొప్పుతూ బయల్దేరింది. నేను పక్కనే ఉన్నాను. సగం దారిలో కాలు బురదలో జారి మనిషి ఒక్కసారిగా ఒరిగిపోయింది. నా రెండు చేతులూ వాటంతటవే ముందుకు వెళ్ళాయి.

"చేతులు వెనక్కి పెట్టుకో" అంది మామ్మ.

అది తోటలో వినిపించే గొంతు. ఎన్నాళ్ళ తర్వాతో విన్నాను. చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు బిగించి పట్టుకున్నాను. అంతకంటే కష్టమైన పని నా జన్మలో చేయలేదు, పిల్లల్ని కనడంతో సహా. మామ్మ వెదురుకు ఒరిగి అలాగే నిలబడింది. వెదురు వంగింది, కిర్రుమంది, విరగలేదు. కాసేపటికి ఆవిడ మళ్ళీ నిటారుగా లేచి, మెల్లగా నడుచుకుంటూ దొడ్డి చివరికి చేరి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడైంది. ఆ చప్పుడు విని నేను అక్కడే బురదలో నిలబడి ఏడ్చేశాను, ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. అప్పుడు చూసుకుంటే నా గాజు పగిలి మణికట్టులో దిగబడి రక్తం కారుతోంది.

తిరిగొచ్చి వసారాలో కూర్చున్నాక మామ్మ చెంబుడు మంచినీళ్ళు తెమ్మంది. గటగటా తాగి, ఇంకో చెంబు తెమ్మంది. అప్పుడు అర్థమైంది నాకు, అన్నాళ్ళూ నేను ఎవరి దాహం తాగానో. ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. కాలు ఈడుస్తూనే కుండీలు జరిపించింది, కూలివాళ్ళను తిట్టింది. లారీవాళ్ళు వదిలేసిన వరసలో ఎవరూ లేపని మొక్క ఒకటి అక్కడే చెట్టై కాయలు కాసింది. జరపనిదంతా చచ్చిపోతుందని చెప్పను, బతుకుతుంది. కానీ ఉన్నచోటే ఉండాలి.

ఈ కథంతా మొన్న పక్క మంచం పెద్దావిడకు చెప్పాను. నీళ్ళ గ్లాసు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నొచ్చుకుందేమో, నోరు పారేసుకున్నానేమో అనుకున్నాను. సాయంత్రం కూతురు గ్లాసు పెట్టి అటు వెళ్ళింది. ఆవిడ గ్లాసు ఎత్తింది, పూలకుండీ వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత మొత్తం తాగేసింది.

మర్నాడు పొద్దున్న ఫిజియోథెరపీ అమ్మాయి లేపకముందే ఆవిడే లేస్తానంది. కూతురు కంగారుపడింది. ఆవిడ గోడ కడ్డీ పట్టుకుని బాత్రూమ్ వైపు అడుగేస్తుంటే, ఫిజియో అమ్మాయి వెనకే వెళ్ళింది, నేను నా వాకర్ ఈడ్చుకుంటూ వాళ్ళ వెనక వెళ్ళాను. మధ్యలో ఆవిడ కాస్త తూలింది. కూతురి చేతులు ముందుకు వెళ్ళాయి. ఫిజియో అమ్మాయి దగ్గరే ఉంది, భయం లేదు. "చేతులు వెనక్కి పెట్టుకోమ్మా" అన్నాను. ఆ పిల్ల నన్ను కొరకొరా చూసింది, పెట్టుకుంది. పిడికిళ్ళు బిగించుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడింది. నేను ఈవిడను కాదు, ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాను.

తలుపు మూసుకుంది. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత గడియ పడింది.

పిల్లల్ని పెంచాను, మనవల్ని ఎత్తుకున్నాను, మంచాన పడ్డవాళ్ళకు చేశాను. అడిగినవాళ్ళకు చెయ్యి అందించడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆవేళ మణికట్టు మీద పడిన గాజు మచ్చ ఇప్పుడు ముడతల్లో కలిసిపోయింది, వెతికినా కనబడదు. కానీ ఎవరైనా తూలినప్పుడు పట్టుకోబోయే నా చెయ్యి, ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి, మా మామ్మ ఏమంటుందో అని వింటుంది.