పళ్ళెం పడ్డ చప్పుడు

నేను ఇంతవరకూ అద్దెకున్న గదులన్నీ ఒక వరసలో పెడితే చిన్న వీధి అవుతుంది. అందులో మైకాయన మేడమీది గది దాదాపు చివరిది. దానికి కిటికీ ఒకటే. తెరిస్తే డాబా, డాబా మీద అడ్డంగా ఓ తీగ, తీగకి వేలాడుతూ పాత డీవీడీలు. గాలికి గిరగిరా తిరుగుతూ నా గోడ మీదికి రంగులు విసిరేవి. పావురాలు బెదురుతాయని కట్టాడట. మొదట్లో బెదిరే ఉంటాయి. నేను సామాను దింపేసరికి మాత్రం ఆ తీగ మీదే కూర్చుని, కింది డిస్కుల్లో మొహాలు చూసుకుంటున్నాయి.

"సిగ్గూ శరం లేని పావురాల్లా ఉన్నాయే," అన్నాను.

"అలవాటైపోయిందండీ వాటికి," అన్నాడు మైకాయన. ఆయన దేని గురించైనా ఆ మాటే అంటాడని నాకు తర్వాత తెలిసింది.

ఆయనకి పేరు లేకపోలేదు, వాడేవాళ్ళు లేరు. కింద మైకు సెట్టు కొట్టు. సభలకీ, బడి వార్షికోత్సవాలకీ, కొత్త కొట్ల ప్రారంభాలకీ హారన్లూ బాక్సులూ అద్దెకిస్తాడు. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ అదే పని. ఎన్ని ఉపన్యాసాలు విని ఉంటాడో, ఒక్కటీ బుర్రలో లేదు. "నిన్నటి సభలో ఏం మాట్లాడారండీ?" అంటే, "చివరి వరసకి కూడా శుభ్రంగా వినబడిందండీ," అనేవాడు. ఎగతాళి కాదు. ఆయన వరకూ అదే సమాధానం.

ఇలాంటి మనిషి వినపడని తల్లి కడుపున పుట్టాడు. అక్కగారికి కూడా వినపడదు. ఆ ఇంట్లో తండ్రికీ కొడుక్కీ చెవులు, తల్లికీ కూతురికీ చేతులు. ఆ తల్లి ఏ బడిలోనూ సైగలు నేర్చుకోలేదు. ఆవిడ మాటలన్నీ ఆవిడే కల్పించుకున్నవి. ఉప్పుకి ఒకటి, ఉక్కపోతకి ఒకటి, పక్కింటావిడకి ఒకటి. ఆ చివరిది ఆవిడ ముందు చెయ్యకూడదట. నేను తిరిగిన చోట్ల చాలా భాషలు విన్నాను, కొన్ని బతకడానికి సరిపడా మాట్లాడాను కూడా. నలుగురే మాట్లాడిన భాష మాత్రం ఆ ఇంట్లోనే చూశాను. అందులో ఇద్దరు అప్పటికే పోయారు, తండ్రి ముందు, తల్లి నేను రావడానికి ముందటి ఏడు. తర్వాత వచ్చిన కోడలు చూసి అర్థం చేసుకోవడం వరకే నేర్చుకుంది.

"అత్తయ్యగారు పోయిన రోజు నుంచీ ఈయనకి లోపల ఫ్యూజు పోయింది అన్నయ్యగారూ," అంది మైకాయన ఇల్లాలు, మెట్ల మీద టీ గ్లాసు అందిస్తూ. "ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. ఓ రోజు ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. నోరెత్తకుండా తినేసి చెయ్యి కడుక్కున్నారు."

"మీరు తిన్నాక తెలిసిందా?"

"ఆ. నేను మాత్రం గోల చేశాను, నా వంట మీద నేనే."

మైకాయనకి ఇక మిగిలిన వ్యాపకం కాపీలు తియ్యడం. తండ్రి బతికి ఉండగా, స్నేహితుడైన ఫొటో స్టూడియో ఆయన్ని పిలిచి, తల్లిని కొన్నాళ్ళపాటు వీడియో తీయించాడు. వంటింట్లో, పెరట్లో, కుర్చీలో కూర్చుని ఆవిడ చేతులతో చెప్పిన కబుర్లు. స్టూడియో ఆయన వాటిని పెద్ద రకం డీవీడీల్లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇప్పుడు అవి పాడవడం మొదలైంది. అంచుల్లో తెల్లమచ్చలు, మధ్యలో ఆగిపోవడం. అందుకని రోజూ కొట్టు తెరవకముందు వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో డిస్కూ కాపీ తీసేవాడు. పాతది లోపల పెట్టడం, ఎంత ఎక్కిందో చూపే గీత తెర మీద కుడివైపుకి పాకడం చూస్తూ కూర్చోవడం, ట్రే బయటికి రావడం, ఖాళీ డిస్కు పెట్టడం, మళ్ళీ గీత. ఆ గీతని చూసినంత శ్రద్ధగా ఆయన ఇంకేదీ చూసేవాడు కాదు.

చిక్కల్లా ఒకటే. పెద్ద డిస్కులో పట్టిన సరుకు బజార్లో దొరికే మామూలు డిస్కులో పట్టదు. ఎక్కడో కొయ్యాలి. బొమ్మ తగ్గించనా, శబ్దం తగ్గించనా అని ప్రోగ్రాం అడుగుతుంది.

"శబ్దం ముట్టుకోకూడదండీ," అన్నాడు నాతో, అదేదో అందరికీ తెలిసిన సంగతిలాగా. "బొమ్మ కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. గరగరమంటే మాత్రం జనం లేచిపోతారు."

నేను తలూపాను. పాత గ్రంథాలయాల్లో ఎండ తగలని గదుల్లో కూర్చుని రాతప్రతులు తిరగేసిన రోజులు నాకు ఉన్నాయి. నకలు రాసినవాడికి ఏది ఇష్టమో ఆ పుటలు చూస్తేనే తెలిసిపోయేది. తనకి రుచించిన చోట అక్షరం గుండ్రంగా, నిదానంగా ఉంటుంది. రుచించని చోట ఇరికించి, కుక్కి, పరుగెత్తుతాడు. అసలు రాసినవాడి మనసు అక్కడే ఉండొచ్చు, నకలుగాడికేం పట్టింది. ఇదంతా తెలిసినవాణ్ణి, ఆ రోజు తలూపి నా గ్లాసు కడుక్కుని పైకి వెళ్ళిపోయాను.

కాపీ అయ్యాక పరీక్ష చేసేవాడు. కొత్త డిస్కు ఆడించి, తెరకి వీపు పెట్టి కూర్చుని, వైర్లు చుట్టుకుంటూ వినేవాడు. ఫ్యాను తిరిగే చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు, వీధిలో ఎవరిదో సైకిలు గంట. చివరిదాకా విని, "బాగుంది," అనేవాడు. ఆ వెంటనే పాతదాన్ని డ్రిల్లుతో కంత వేసి తీగకి కట్టేసేవాడు. ఉంచుకుంటే ఏది పాతదో ఏది కొత్తదో కలగాపులగం అవుతుందట. ఆయన చేతుల్లో ఏ తొందరా లేదు, ఏ సంకోచమూ లేదు. గొళ్ళెం బిగించినట్టే కంత వేసేవాడు.

అలా అన్నీ అయిపోయాక, అక్కగారి దగ్గర్నుంచి ఫోనులో కబురు వచ్చింది. "వస్తున్నాను. అమ్మది చూస్తాను."

ఆ కబురు వెనక సంగతి ఇల్లాలు చెప్పింది. అక్కగారు పసిపిల్లగా ఉన్నప్పుడు వినపడదని తేలిన రోజు తల్లి గుండెలు బాదుకుని ఏడ్చిందని చుట్టాలందరూ చెప్పుకునేవారు. అక్కగారికి ఆ కథ పెదవులు చదవడం వచ్చినప్పటినుంచీ తెలుసు. తన పుట్టుక తల్లికి ఏడుపు అని ఆవిడ జీవితమంతా మోసింది. తల్లి చివరి రోజుల్లో ఆవిడతో అందట: ఆ రోజు గురించి డిస్కులో చెప్పాను, నేను పోయాక చూడు. తల్లి పోయింది. చూడ్డానికి కూతురికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు చాలింది.

"ఏం చెప్పారో మీ ఆయనకి తెలియదా?"

"వీడియో తీసినప్పుడు ఈయన ఏదో సభలో ఉన్నారు. తర్వాత ఆడించారు, వెనక్కి తిరిగి."

అక్కగారు మధ్యాహ్నం బస్సుకి దిగింది. పొట్టి మనిషి, అట్టపెట్టెల కంపెనీలో పనిచేసి గట్టిపడిన చేతులు. గుమ్మంలో తమ్ముణ్ణి చూసి, తన రొమ్ము మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుని ఆయన వైపు చూపించింది.

"నావాడు, అని," ఇల్లాలు నా చెవిలో చెప్పింది. "అత్తయ్యగారి మాట అది."

మైకాయన తల ఊపాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

వెనక గదిలో అక్కగారిని తెర ముందు కూర్చోబెట్టి డిస్కు పెట్టాడు. కుర్చీలో పెద్దావిడ కనిపించింది. చేతులు ఒళ్ళో ఉన్నంతసేపూ బొమ్మ బాగానే ఉంది. గాజులు కూడా తెలుస్తున్నాయి. ఆవిడ చేతులు లేపింది. లేపగానే అవి గళ్ళు గళ్ళుగా పగిలిపోయాయి. వేళ్ళు లేవు. రెండు మసక ముద్దలు గాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాయి. కదలని గోడ, కదలని కుర్చీ నిక్షేపంగా ఉన్నాయి. ఆ డిస్కులో కదిలేవి ఆవిడ చేతులే, మాటలన్నీ వాటిలోనే.

ఫ్యాను చప్పుడు మాత్రం ఎంత శుభ్రంగా వినబడిందంటే, నేను తలెత్తి చూశాను.

అక్కగారు ముందుకి వంగింది. కుర్చీ జరుపుకుంది. జేబురుమాలు తీసి తెర తుడిచింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి చేతులు ఆడించింది.

"అమ్మ పిండి కలుపుతూ మాట్లాడుతోందా అంటున్నారు," అంది ఇల్లాలు. నవ్వబోయి ఆగిపోయింది.

మైకాయన తెర వైపు చూశాడు. నాకు తెలిసి ఆ కాపీని ఆయన చూడటం అదే మొదటిసారి. లేచి డాబా మీదికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, ఎందుకో తెలియదు. పావురాలు కాస్త జరిగి చోటిచ్చాయి. అన్ని డిస్కులూ ఎండకి పాలిపోయి ఒకేలా ఉన్నాయి. ఒకదాన్ని విప్పాడు, వెలుతురుకి ఎత్తి పట్టాడు. కంతలోంచి ఆకాశం కనిపించింది.

"ఇదేనండీ అనుకుంటాను," అన్నాడు.

"ఆడుతుందా?"

"ఆడదు."

అయినా కిందికి తెచ్చి పెట్టాడు. కంప్యూటరు గురకపెట్టి, దగ్గి, ట్రేని బయటికి నెట్టేసింది. ఆయన ఆ డిస్కుని బల్ల మీద పెట్టి, అక్కగారి ఎదురుగా నిలబడ్డాడు. తిట్టించుకోవడానికి నిలబడ్డ మనిషి కూడా కాదు. బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు.

అక్కగారు తిట్టింది. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"చెవులున్నవాళ్ళ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అంటున్నారు," ఇల్లాలు గొంతు తగ్గించింది. "చెవిటి అమ్మకి శబ్దం దాచిపెట్టావు అంటున్నారు. తర్వాతది నేను చెప్పనులెండి."

కాసేపటికి ఆవిడ చేతులు ఒళ్ళో పడ్డాయి. వెళ్ళిపోవడానికి సంచీ అందుకుంది. కాపీ ఇంకా ఆడుతూనే ఉంది, ఆపాలని ఎవరికీ తోచలేదు. తెర మీద పెద్దావిడ లేచి పక్కకి వెళ్ళింది, ఏదో తెచ్చుకుని వచ్చింది. ఠంగుమని పళ్ళెం నేల మీద పడి, గింగిరాలు తిరిగి ఆగింది.

మైకాయన అక్క భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. తను వెనక్కి తిరిగి, తెరకి వీపు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. పళ్ళెం ఆగిన తర్వాత ఫ్యాను. ఫ్యానులోంచి ఏదో చిన్న చప్పుడు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన కంప్యూటరు దగ్గరికి వచ్చి గీతని వెనక్కి లాగి, మళ్ళీ ఆడించి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత అక్క ముందుకి వచ్చి చేతులు పైకెత్తాడు. మొదట వేళ్ళు కొయ్యల్లా ఉన్నాయి. ఒకసారి తప్పుగా పెట్టి చెరిపేసినట్టు గాల్లో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఇల్లాలు నాకు చెప్పుకుంటూ వచ్చింది.

"పళ్ళెం పడింది. ఆ రోజు జరిగింది అమ్మ చేసి చూపిస్తోంది. నీ వెనకాల పడేశారన్నమాట, వినబడుతుందో లేదో చూడ్డానికి. నువ్వు తిరగలేదు. ఇక్కడ అమ్మ..." మైకాయన తన రొమ్ము మీద రెండుసార్లు తట్టుకున్నాడు. "ఇక్కడ అమ్మ ఇలా కొట్టుకుంది, వినబడుతోంది. నాది, అంది."

అక్కగారు తెర చూపించింది. అక్కడ గళ్ళు గళ్ళుగా ఓ మొహం, తెరుచుకున్న నోరు. ఏడుస్తోంది కదా, అని సైగ చేసింది. అది నాకే అర్థమైంది.

మైకాయన తల అడ్డంగా ఊపాడు. "నవ్వింది," అన్నాడు చేతులతో. ఇద్దరి మాటలూ ఇల్లాలే నాకు చెప్పింది.

"గుండెలు బాదుకుందన్నారు అందరూ."

"చూసినవాళ్ళు అన్నారు. నేను విన్నాను. అమ్మ ఏడిస్తే గొంతు కిందికి దిగుతుంది. నవ్వితే ముక్కులోంచి వస్తుంది. ఇది ముక్కులోంచి వచ్చింది."

"నన్ను సంతోషపెట్టడానికి అంటున్నావు."

"అబద్ధం చెప్పాలంటే నోటితో చెబుతాను. చేతులతో నాకు రాదు."

ఆవిడ నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేదు. మైకాయన కొట్టులోకి వెళ్ళి, సభలకి పెట్టే నల్ల బాక్సు ఒకటి ఈడ్చుకొచ్చాడు. కంప్యూటరుకి వైరు తగిలించాడు. ముందున్న జాలీ విప్పి, అక్క అరచెయ్యి తీసుకుని లోపలి అట్ట మీద ఆనించాడు. ఆడించాడు. పళ్ళెం చప్పుడుకి కిటికీ రెక్కలు అదిరాయి, ఆవిడ చెయ్యి ఉలిక్కిపడింది. తర్వాత రెండు దెబ్బలు, మెత్తగా. ఆ తర్వాత నవ్వు. ఇప్పుడు నాకూ వినబడింది, చిన్నపిల్ల తుమ్మినట్టున్న నవ్వు.

మళ్ళీ, అంది ఆవిడ రెండో చేత్తో. మళ్ళీ ఆడించాడు. కొట్టు ముందు ఎవరో వచ్చి పిలిచి, ఎవరూ పలక్కపోతే వెళ్ళిపోయారు. ఎన్నిసార్లు ఆడించాడో నేను లెక్కపెట్టలేదు. చివరికి ఆవిడ చెయ్యి తీసి, అరచేతిని కాసేపు చూసుకుంది.

మైకాయన డిస్కు బయటికి తీసి, అలవాటు కొద్దీ ఖాళీ డిస్కు అందుకోబోయాడు. ఇంకో కాపీ తీసి ఇస్తానన్నాడు. ఆవిడ ఆయన చేతిలోంచి ఆ డిస్కు లాక్కుని సంచీలో వేసుకుంది.

"కాపీలు వద్దంట," అంది ఇల్లాలు. "ఈసారి ఏది కోస్తావో ఎవడికి తెలుసు అంటున్నారు."

సాయంత్రం బస్సుకి బయల్దేరింది. గుమ్మం దాటి, మెట్టు దిగి, వెనక్కి చూసింది. మైకాయన మొహంలో ఎప్పుడూ ఉండేదే తప్ప కొత్తగా ఏమీ లేదు. కాకపోతే చెయ్యి పైకి లేచింది. సభ మొదలవకముందు మైకు పలుకుతోందో లేదో వేళ్ళతో తట్టి చూస్తాడే, అలా తన రొమ్ము మీద తట్టుకున్నాడు. ఒకసారి. కాస్త ఆగి, ఇంకోసారి.